శత్రువు మనతోపాటే పెరిగే ఆటల్లో ముందుగా ఏది పెంచుకోవాలి

గత వేసవి సెలవులకు అరసవల్లి నుంచి విజయనగరంలోని మా ఇంటికి వచ్చిన మేనల్లుడు వారం రోజులపాటు ఆబ్లివియన్ అనే కంప్యూటర్ ఆట ఆడి, ఎనిమిదో రోజు ల్యాప్‌టాప్ మూసేసి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "ఏటి మావయ్యా ఇది? మొదట్లో మూడు దెబ్బలకి పడిపోయిన దొంగోడే ఇప్పుడు పదిహేను కొట్టినా పడట్లేదు. నాను పదిహేనో లెవెల్‌కొచ్చి ఏటి లాభం?" అన్నది అతని ఫిర్యాదు. సేవ్ ఫైలు తెరిచి చూస్తే కారణం ఒక్క నిమిషంలో తెలిసింది. ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడికి ఉండే ఓపికనంతా అతను పరుగుకూ, గెంతులకూ, మూలికలు నూరి మందులు చేయడానికీ ధారపోశాడు. ఆ మూడూ అతను ఎంచుకున్న ప్రధాన స్కిల్స్ కావడంవల్ల లెవెల్ ఆగకుండా పెరిగింది. కత్తి నైపుణ్యం మాత్రం ముప్పై లోపే నిలిచిపోయింది. ఆ లోకంలోని దొంగలు అతని లెవెల్‌ను చూసి కవచాలు మార్చుకున్నారు గాని, అతని కత్తి ఎంత మొండిగా ఉందో చూడలేదు.

రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఆటగాడి లెవెల్‌ను బట్టి శత్రువుల బలం మారే ఈ పద్ధతిని లెవెల్ స్కేలింగ్ అంటారు. జీతం పెరిగిన నెలలోనే ఇంటి అద్దె పెరిగితే ఎలా ఉంటుందో, దీని తత్త్వం తెలియకుండా ఆడేవారికి ఈ ఆటలు అలా ఉంటాయి. తెలిసి ఆడేవారికి మాత్రం ఇవి చాలా సులభమైనవి, ఎందుకంటే ఆట లెక్కలోకి తీసుకునేది ఒకే ఒక అంకెను. ఆ అంకెకు అందకుండా పెంచుకోగలిగిన బలాలు పదో పదిహేనో ఉంటాయి. వాటిని ఎలా గుర్తించాలో, ఏ ఆటలో ఏది ముందు పెంచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఆటలను తయారు చేసేవారు ఈ పద్ధతిని ఎందుకు పెట్టుకున్నారన్నది ముందుగా చూడడం మంచిది. ఎటు వెళ్ళాలన్నది ఆటగాడి ఇష్టానికి వదిలేసిన విశాలమైన లోకంలో, ఎవరు ఏ ఊరికి ఎప్పుడు చేరతారో రూపకర్తకు తెలియదు. ఉత్తరపు కోటకు ఒకరు రెండో లెవెల్‌లో, మరొకరు నలభయ్యో లెవెల్‌లో వెళ్ళవచ్చు. ఇద్దరికీ పోరు రక్తి కట్టాలంటే కోటలోని శత్రువు మారక తప్పదు. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో గరిడీ నేర్పే గురువు చేసేదీ ఇదే. కర్రసాములో కొత్త శిష్యుడి ముందు నిలబడినప్పుడు తన దెబ్బ బరువు తగ్గించుకుంటాడు, శిష్యుడి చేయి తిరిగేకొద్దీ ఆ బరువు పెంచుతూ పోతాడు. అయితే గురువు చూసేది శిష్యుడి పాదం ఎక్కడ పడుతోంది, మణికట్టు ఎంత వేగంగా తిరుగుతోంది అన్నది. ఆట చూసేది లెవెల్ అనే అంకెను మాత్రమే, ఆ అంకె పరుగువల్ల పెరిగిందో, పోరువల్ల పెరిగిందో దానికి పట్టదు. మనకు కలిగే నష్టమంతా ఈ గుడ్డితనంలోనే ఉంది, లాభమంతా కూడా అక్కడే ఉంది.

శత్రువు దేన్ని చూసి పెరుగుతున్నాడు

కొత్త ఆట మొదలుపెట్టిన మొదటి రెండు గంటల్లో తేల్చుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే. అన్ని ఆటలూ ఒకే అంకెను చూడవు. 2006లో వచ్చిన ఆబ్లివియన్ మన పాత్ర లెవెల్‌ను నేరుగా చూస్తుంది; దాదాపు లోకమంతా దానితోపాటే కదులుతుంది. 2011లో వచ్చిన స్కైరిమ్ కూడా లెవెల్‌నే చూస్తుంది గాని, ఒక్కో ప్రాంతానికి కనీస, గరిష్ఠ హద్దులు పెట్టుకుంటుంది. 1999 నాటి ఫైనల్ ఫాంటసీ 8 మన జట్టు సగటు లెవెల్‌ను చూస్తుంది. ఫోన్లలో విరివిగా ఆడే గెన్‌షిన్ ఇంపాక్ట్ పాత్రల లెవెల్‌ను అసలు పట్టించుకోకుండా, ఆటగాడి ఖాతాకు ఉన్న అడ్వెంచర్ ర్యాంకును చూసి లోకం లెవెల్‌ను పెంచుతుంది. సాగా వరసలోని పాత జపాను ఆటలు ఎన్ని పోరాటాలు చేశామో లెక్కపెట్టి దాన్నిబట్టి శత్రువులను మారుస్తాయి. విచర్ 3లో ఇది ఆటగాడు సెట్టింగ్స్‌లో వేసుకునే స్విచ్. వేస్తే మనకన్నా తక్కువ లెవెల్‌లో ఉన్న శత్రువులు మన స్థాయికి ఎక్కివస్తారు, మనకన్నా పైనున్నవారు మాత్రం కిందికి దిగరు. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ తరువాత సైబర్‌పంక్ 2077లో నగరమంతటా శత్రువులు ఆటగాడి లెవెల్‌ను అనుసరిస్తారు. ఎల్డెన్ రింగ్‌లో ఇదేదీ లేదు. అక్కడ ప్రాంతాన్ని బట్టి శత్రువు బలం స్థిరంగా ఉంటుంది కనుక, ఈ వ్యాసంలోని సలహాలు పాటించి లెవెల్ ఆపుకుంటే నష్టపోయేది మీరే.

ఇంటర్నెట్‌లో వెతికితే ఏ ఆటకైనా ఈ సమాచారం దొరుకుతుంది. అయినా నేను స్వయంగా పరీక్షించి చూసుకోమనే చెబుతాను, ఎందుకంటే అప్‌డేట్లు వచ్చినప్పుడు ఈ లెక్కలు మారుతూ ఉంటాయి. పరీక్షకు కావలసినది ఒక నోటుపుస్తకం మాత్రమే. తరచుగా ఎదురయ్యే ఒక మామూలు శత్రువును ఎంచుకోండి: దారిదొంగ, తోడేలు, ఎవరైనా సరే. పోరుకు ముందు సేవ్ చేసుకుని, మందులూ మంత్రాలూ లేకుండా ఒకే ఆయుధంతో అతన్ని పడగొట్టడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో, అతని దెబ్బలు ఎన్ని తింటే మీరు పడిపోతారో రాసుకోండి. అయిదు లెవెల్స్ పెరిగాక అదే రకం శత్రువుతో మళ్ళీ లెక్కపెట్టండి.

ఒక ఊహా లెక్క వేద్దాం. అయిదో లెవెల్‌లో దొంగ ఆరోగ్యం 60, మీ కత్తి ఒక్క దెబ్బకు తీసేది 12 అనుకుంటే, అయిదు దెబ్బలకు అతను పడిపోతాడు. పదో లెవెల్‌కు అతని ఆరోగ్యం 120కి చేరి, మీ కత్తి 15కు మాత్రమే చేరితే ఎనిమిది దెబ్బలు కావాలి. మీ లెవెల్ రెట్టింపయింది, కత్తి కూడా పదునెక్కింది, అయినా మూడు దెబ్బలు వెనకబడ్డారు. మళ్ళీ అయిదు దెబ్బల్లో ముగించాలంటే ఒక్క దెబ్బకు 24 కావాలి, అంటే మీకు ఇంకా 9 తక్కువ. ఈ తొమ్మిదిని లెవెల్ పెంచకుండా ఎక్కడినుంచి తేవచ్చునన్నదే ఇక మీరు వేసుకోవలసిన ప్రశ్న. మెరుగైన లోహంతో చేసిన కత్తి, కత్తికి ఎక్కించిన మంత్రం, పూసిన విషం, వెన్నుపోటు, పక్కన నిలబడే తోడు, ఇవన్నీ ఆ తొమ్మిదిలో వాటాదారులే. నా మేనల్లుడికి మొదట ఈ కూడికే చేయించాను. లెక్కల పరీక్షకన్నా శ్రద్ధగా చేశాడని ఒప్పుకోవాలి.

ఆబ్లివియన్: నిద్రను వాయిదా వేయడం

స్కేలింగ్ కష్టాలకు ఆబ్లివియన్ పేరు మోసింది కనుక దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఈ ఆటలో మొత్తం 21 స్కిల్స్ ఉంటాయి, వాటిలో ఏడింటిని ప్రధానమైనవిగా మనమే ఎంచుకుంటాం. ఆ ఏడింటిలో అన్నీ కలిపి పది మెట్లు ఎక్కితే ఒక లెవెల్‌కు అర్హత వస్తుంది. మిగిలిన పద్నాలుగు ఎంత పెరిగినా లెవెల్ కదలదు. పరుగు పెట్టినా, గెంతినా, బేరమాడినా పెరిగే స్కిల్స్‌ను ప్రధానమైనవిగా పెట్టుకుంటే, మీరు సంతకు వెళ్ళివచ్చినా దొంగ బలపడతాడు. ఆట చివరి దశలో వేల నాణేల విలువ చేసే గాజు కవచం తొడుక్కుని దారి కాచి, వంద నాణేలు ఇమ్మని బెదిరించే దొంగ అందరికీ నవ్వు తెప్పించింది ఇందుకే; ఆ కవచం అమ్ముకుంటే అతను దొంగతనం మానేసి బతకవచ్చు.

మొదటి పని, ప్రధాన స్కిల్స్ ఎంపిక. పోరులో నిజంగా వాడే ఆయుధమూ కవచమూ అందులో ఉండాలి, అప్పుడు లెవెల్ పెరిగిన ప్రతిసారీ చేతి సత్తా కూడా పెరిగి ఉంటుంది. పరుగు, గెంతు, వాక్చాతుర్యం, వ్యాపారం వంటి వాటిని బయట వదిలేయాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మార్గం ఇంకొకటి ఉంది: మీరు ఎన్నడూ వాడని స్కిల్స్‌ను ప్రధానమైనవిగా పెట్టి, వాడేవాటిని బయట ఉంచితే లెవెల్ మీరు తలచినప్పుడే కదులుతుంది. తెలివైన కిటుకే అయినా, మొదటిసారి ఆడేవారికి దాన్ని నేను సూచించను. మాంత్రికుడిగా పుట్టి మంత్రాలు ముఖ్యం కాదని రాయించుకోవడంలో ఏదో వెలితి ఉంది.

రెండవది ఎండ్యూరెన్స్, అంటే ఓర్పు. ప్రతి లెవెల్‌కూ మీ ఆరోగ్యానికి కలిసేది అప్పటి ఓర్పులో పదో వంతు. ఓర్పు 40 ఉన్నప్పుడు లెవెల్ ఎక్కితే 4 కలుస్తుంది, 100 ఉన్నప్పుడు 10 కలుస్తుంది. ఆలస్యంగా ఓర్పు పెంచుకున్నంత మాత్రాన దాటిపోయిన లెవెల్స్‌లో పోగొట్టుకున్న ఈ వాటా తిరిగి రాదు. అందువల్ల మొదటి పది లెవెల్స్‌లో మిగతా అన్నిటికన్నా ముందు దీన్నే పెంచాలి. లెవెల్ ఎక్కేటప్పుడు బలం, ఓర్పు వంటి లక్షణాల్లో మూడింటిని ఎంచుకోనిస్తారు. ఒక లక్షణానికి చెందిన స్కిల్స్‌లో ఆ లెవెల్ కాలంలో పది మెట్లు ఎక్కి ఉంటే దానికి 5, అయిదు నుంచి ఏడు ఎక్కి ఉంటే 3, ఒక్కటీ ఎక్కకపోతే 1 కలుస్తుంది. ఓర్పు కింద ఉండేవి ఆయుధాల మరమ్మతు, డాలు అడ్డుపెట్టడం, బరువైన కవచం. సుత్తి పట్టుకుని తిన్న ప్రతి దెబ్బకూ కవచం బాగుచేసుకుంటూ, డాలు వాడుతూ పోతే ఓర్పుకు 5 దానంతట అదే వస్తుంది. మూడు లక్షణాలకూ ప్రతిసారీ 5 వచ్చేలా కాగితం మీద లెక్కలు రాసుకుని ఆడేవారున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే ఆడి, ఆట వదిలి గుమాస్తా పని చేస్తున్నానని గ్రహించి మానేశాను. ఓర్పుకు ఒక్కదానికీ జాగ్రత్త పడితే చాలును.

మూడవది నిద్ర. అర్హత వచ్చినంత మాత్రాన లెవెల్ పెరగదు, మంచం మీద నిద్రపోయినప్పుడే పెరుగుతుంది. నిద్రపోకుండా తిరిగితే స్కిల్స్ పెరుగుతూనే ఉంటాయి, శత్రువులు మాత్రం పాత స్థాయిలోనే ఉండిపోతారు. మీ నోటుపుస్తకంలో దెబ్బల సంఖ్య పెరుగుతున్నట్టు కనిపిస్తే, ఆయుధం మెరుగుపడేదాకా మంచం జోలికి వెళ్ళవద్దు. అయితే దీన్ని సాగదీస్తే దుకాణాల్లో, పెట్టెల్లో దొరికే సరుకు కూడా నాసిరకంగానే ఉండిపోతుంది, ఎందుకంటే సరుకు నాణ్యత కూడా మీ లెవెల్‌నే చూస్తుంది. ఒకటి రెండు లెవెల్స్ ఆగడం తెలివి, పది లెవెల్స్ ఆగడం మొండితనం.

2025 ఏప్రిల్‌లో వచ్చిన రీమాస్టర్, అంటే ఇదే ఆటకు మెరుగుపెట్టిన కొత్త రూపం, ఆడేవారు ఒక మార్పు గమనించాలి. అందులో ప్రధాన స్కిల్సే కాక మిగతావి కూడా లెవెల్‌కు తోడ్పడతాయి, లక్షణాలకు పాత లెక్క బదులు లెవెల్‌కు 12 పాయింట్లు చేతికిచ్చి పంచుకోమంటారు. గుమాస్తా పని పోయింది, మంచిదే. శత్రువులు మనతోపాటు పెరగడం మాత్రం అక్కడా ఉంది కనుక ఓర్పుకు మొదటి పీట వేయాలన్న సలహా మారదు.

స్కైరిమ్: అప్పు చేసే స్కిల్, అప్పు తీర్చే స్కిల్

స్కైరిమ్‌లో ప్రధానం, అప్రధానం అన్న తేడా లేదు. 18 స్కిల్స్‌లో ఏది పెరిగినా లెవెల్‌కు చేరుతుంది. అందువల్ల ఇక్కడ స్కిల్స్‌ను రెండు రకాలుగా చూడడం నాకు అలవాటయింది. తాళాలు తీయడం, జేబులు కొట్టడం, బేరమాడడం వంటివి లెవెల్ పెంచి, పోరులో దమ్మిడీ సాయం చేయవు. అవి అప్పు చేసే స్కిల్స్. కమ్మరి పని కూడా పోరు స్కిల్ కాదు గాని, అది పెరిగితే అదే కత్తికి పదును, అదే కవచానికి గట్టిదనం ఎక్కువవుతాయి కనుక, తాను చేసిన అప్పు తానే తీర్చుకుంటుంది. మంత్రాలు ఎక్కించే ఎన్‌చాంటింగ్ కూడా అంతే. అయితే ఇనుప బాకులు వందల కొద్దీ చేసి కమ్మరి పనిని పెంచుకునేవారు, ఆ పెరిగిన పనితనంతో తాము వాడే కత్తిని మెరుగు పెట్టుకోవడం మరిచిపోతే అప్పు అప్పుగానే మిగులుతుంది. మొదటి పది లెవెల్స్ వరకు ఒక ఆయుధం, ఒక కవచం, కమ్మరి పని, ఈ మూడింటికే పెర్క్ పాయింట్లు (లెవెల్ ఎక్కినప్పుడు వచ్చే, స్కిల్‌కు అదనపు నేర్పు కొనిపెట్టే పాయింట్లు) పెట్టండి. తాళాలు తీసే పెర్కులకు పాయింటు పెట్టడం ఎప్పటికీ అనవసరం. చేతివాటం ఉంటే ఏ పెర్క్ లేకుండానే పెద్ద తాళం కూడా తెరుచుకుంటుంది.

ఈ ఆటలో తెలుసుకోవలసిన రెండో సంగతి ప్రాంతాల తాళం. చాలా గుహలూ కోటలూ మీరు మొదటిసారి అడుగుపెట్టినప్పటి లెవెల్‌ను గుర్తుపెట్టుకుంటాయి. ఎనిమిదో లెవెల్‌లో లోపలికి తొంగిచూసి బయటికి వచ్చి, ఇరవయ్యో లెవెల్‌లో తిరిగి వెళితే లోపల ఉండేది పాత స్థాయి శత్రువులే. కష్టమనిపించిన చోట గడప తొక్కి వచ్చేసి, తరువాత తీరికగా వెళ్ళడం ఒక పద్ధతి. ప్రాంతానికి కనీస హద్దు ఉంటే ఈ పద్ధతి అక్కడ పారదు.

అన్నిటికీ పైకప్పు ఉందన్న సంగతి కూడా ధైర్యం ఇస్తుంది. మామూలు దారిదొంగల వరస 1, 5, 9, 14, 19, 25 లెవెల్స్ మెట్ల మీదుగా ఎక్కి అక్కడ ఆగిపోతుంది. ముప్పై దాటిన ఆటగాడికి దొంగలు లెక్కలో లేకుండా పోవడానికి కారణం అదే. దీనికి ఎదురుగా పశువులు కాసే రాక్షసకాయులు ఎప్పుడూ 32వ లెవెల్‌లోనే ఉంటారు. రెండో లెవెల్‌లో వారి ఏనుగుల దగ్గరికి వెళ్ళి ఆకాశానికి ఎగిరిపోయినవారు అది స్కేలింగ్ తప్పనుకుంటారు, నిజానికి అక్కడ స్కేలింగ్ లేకపోవడమే ఆ దెబ్బకు కారణం.

పెరగకపోవడమే బలం: ఫైనల్ ఫాంటసీ 8

ఈ వ్యాసంలో చెబుతున్న సూత్రం ఎంత దూరం పోగలదో చూడాలంటే ఈ ఆటే ఆడాలి. ఇందులో ఒక్కో లెవెల్‌కు కావలసిన అనుభవం ఎప్పుడూ వెయ్యి పాయింట్లే, కనుక లెవెల్ తేలికగా పెరుగుతుంది. జట్టు సగటు పెరిగితే శత్రువులూ పెరుగుతారు. కాని పాత్ర బలంలో అధికభాగం లెవెల్‌నుంచి రాదు, జంక్షన్ అనే ఏర్పాటునుంచి వస్తుంది. సేకరించిన మంత్రాలను బలానికో ఆరోగ్యానికో ముడివేస్తే ఆ లక్షణం అమాంతం పెరుగుతుంది. శత్రువు మన లెవెల్‌ను చూస్తాడు, ముడివేసిన మంత్రాలను చూడడు. ఇంకేం కావాలి?

ఆచరణ ఇలా ఉంటుంది. మొదట్లోనే దొరికే క్వెజకోటిల్ అనే సహాయక శక్తికి కార్డ్ అనే నేర్పు నేర్పించండి. బాగా దెబ్బతిన్న శత్రువును చంపకుండా కార్డుగా మార్చేస్తే సహాయక శక్తులు నేర్చుకోవడానికి పనికివచ్చే ఏపీ వస్తుంది, లెవెల్ పెంచే అనుభవం మాత్రం రాదు. ఆ కార్డులను వస్తువులుగా, వస్తువులను మంత్రాలుగా మార్చే నేర్పులు కూడా ఉన్నాయి; వాటితో ఆట తొలి భాగంలోనే పెద్ద మంత్రాలు చేతికి వస్తాయి. బాస్‌లను, అంటే ఘట్టం చివర ఎదురయ్యే పెద్ద శత్రువులను, ఓడించినా అనుభవం రాదు కనుక వారిని మామూలుగానే కొట్టవచ్చు. డయాబ్లోస్ అనే మరో సహాయక శక్తి లొంగాక ఎన్‌కౌంటర్ నన్ అనే నేర్పుతో అడ్డొచ్చే చిల్లర పోరాటాలను పూర్తిగా ఆపేయవచ్చు. మామూలు ఆటల్లో గంటల తరబడి శత్రువులను చంపి లెవెల్ పెంచుకునే గ్రైండింగ్ అలవాటుతో ఇక్కడికి వచ్చేవారే ఎక్కువ కష్టపడతారు.

ఫోనులో ఆడేవారికి: గెన్‌షిన్

మా మేనల్లుడి అక్క ల్యాప్‌టాప్ ముట్టుకోదు, శ్రీకాకుళంనుంచి కాలేజీకి వెళ్ళే బస్సులో ఫోన్‌లో గెన్‌షిన్ ఆడుతుంది. ఆమె చిక్కు తమ్ముడి చిక్కుకు తోబుట్టువే. పెట్టెలు తెరిచినా, మిషన్లు పూర్తి చేసినా అడ్వెంచర్ ర్యాంకు పెరుగుతుంది. 20వ ర్యాంకునుంచి మొదలై 55వ ర్యాంకు దాకా అయిదు ర్యాంకులకొకసారి వరల్డ్ లెవెల్ మెట్టు ఎక్కుతూ శత్రువులను పెంచుతుంది. ఆమె ఎనిమిది మంది పాత్రలకు సమానంగా సామగ్రి పంచింది. ఎనిమిది మందీ సగం సగం పెరిగారు, లోకం మాత్రం పూర్తిగా పెరిగింది.

ఇక్కడ చేయవలసినది నలుగురిని ఎంచుకోవడం. పోరులో ఒకసారి దిగగలిగేది నలుగురే. వారిలోనూ దెబ్బ కొట్టే ఒక్కరికి ఆయుధం, పాత్ర లెవెల్, నేర్పులు, పాత్రకు తొడిగే ఆర్టిఫాక్టులు, ఈ నాలుగూ ముందు ఇవ్వాలి. ఆమె ఆయుధాన్ని మరిచిపోయి పాత్ర లెవెల్‌ను మాత్రమే పెంచిందని చూడగానే తెలిసింది. రెండో ఉపాయం, 25, 35, 45, 50 ర్యాంకుల దగ్గర వచ్చే అసెన్షన్ క్వెస్టును వెంటనే పూర్తి చేయకపోవడం. అది చేసేదాకా ర్యాంకు అక్కడే ఆగుతుంది, సంపాదించిన అనుభవం వృథా పోకుండా పోగై ఉంటుంది. ఈ విరామంలో నలుగురినీ గట్టిపరచుకోవచ్చు. వరల్డ్ లెవెల్ పెరిగితే బాస్‌లు ఇచ్చే సామగ్రి కూడా మెరుగవుతుంది కనుక, ఈ విరామం వారం పది రోజులకు మించకూడదన్నది నా అభిప్రాయం. వరల్డ్ లెవెల్ ఎక్కాక మరీ కష్టమనిపిస్తే పై మెట్లలో ఉన్నవారికి ఆట మెనూలో ఒక మెట్టు తగ్గించుకునే వీలుంది, దాన్ని వాడుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

శాతంలో పనిచేసేవి వాడిపోవు

ఏ ఆటకైనా వర్తించే సలహా ఒకటి ఇక్కడ చెప్పాలి. ఒక మంత్రం 30 పాయింట్ల దెబ్బ కొడుతుందని రాసి ఉంటే, అది 60 ఆరోగ్యం ఉన్న శత్రువుకు సగం ప్రాణం, 300 ఉన్నవాడికి గీత. శత్రువు పెరిగేకొద్దీ అది వాడిపోతుంది. అదే "ఇంత శాతం", "ఇన్ని సెకన్లు కదలలేడు", "కనిపించవు" అన్న రకం ప్రభావాలు శత్రువు ఎంత పెరిగినా అలాగే ఉంటాయి. ఆబ్లివియన్‌లో 20 శాతం మరుగు కల్పించే కమీలియన్ మంత్రం ఎక్కించిన అయిదు తొడుగులు వేసుకుంటే నూరు శాతమై, ఏ లెవెల్ శత్రువైనా మిమ్మల్ని చూడలేకపోతాడు. ఆట రుచి పోతుంది కాబట్టి నేను మూడు తొడుగుల దగ్గర ఆగమంటాను. శత్రువు కొట్టిన దెబ్బలో కొంత శాతాన్ని అతనికే తిప్పికొట్టే ఉంగరాలు, మంత్రాలకు లొంగేతనాన్ని శాతంలో పెంచే మంత్రాలు కూడా అలాంటివే. ఫైనల్ ఫాంటసీ 8లో డెమీ మంత్రం శత్రువుకు మిగిలిన ఆరోగ్యంలో నాలుగో వంతు తీసేస్తుంది. స్కైరిమ్‌లో చాటునుంచి కొట్టే బాణానికి రెండింతలు, ఒంటిచేతి ఆయుధానికి మూడింతలు, తగిన పెర్క్ ఉంటే బాకుకు పదిహేనింతలు దెబ్బ తగులుతుంది. ఇంతలు అన్నా శాతాలు అన్నా ఒకటే.

కనుక స్కేలింగ్ ఉన్న ఆటలో వస్తువును చూసినప్పుడల్లా దాని వర్ణనలో ఉన్నది పాయింట్లా, శాతమా అని అడగడం అలవాటు చేసుకోండి. పాయింట్లవి వెంటనే వాడి అమ్మేయండి, శాతాలవి దాచుకోండి. దీనికి తోడు ఏ అంకెలోకీ ఎక్కని బలాలున్నాయి: ఇరుకు గుమ్మంలో నిలబడి అయిదుగురిని ఒక్కొక్కరిగా రప్పించడం, ఎత్తునుంచి బాణం వేయడం, శత్రువులు ఒకరితో ఒకరు కలబడేలా చూడడం.

బహుమతి ఎప్పుడు అందుకోవాలి

స్కేలింగ్ శత్రువులకే కాదు, బహుమతులకూ ఉంటుంది. ఆబ్లివియన్, స్కైరిమ్ రెండింటిలోనూ కొన్ని ప్రత్యేకమైన ఆయుధాలూ కవచాలూ మీరు వాటిని అందుకున్న నాటి లెవెల్‌కు తగ్గట్టుగా తయారై, ఆ తరువాత ఎన్నటికీ మారవు. స్కైరిమ్‌లో నైటింగేల్ కవచం 32వ లెవెల్ దాటాక తీసుకుంటే దాని శ్రేష్ఠమైన రూపం వస్తుంది; చిల్‌రెండ్ అనే కత్తికి 46 దాకా ఆగాలి. పేరున్న వస్తువు కోసం క్వెస్టు మొదలుపెట్టే ముందు దాని మెట్లు ఎక్కడున్నాయో చూసుకోండి. అన్నిటినీ ఇలా ఆపుకుంటూ పోతే ఆట మధ్యభాగం ఖాళీగా మిగులుతుంది, కాబట్టి చివరిదాకా వాడదలచిన ఒకటి రెండింటికే ఈ ఓపిక పట్టండి.

ఇప్పటికే ఇరుక్కుపోయినవారికి

చాలామంది ఈ సలహాలు వెతుక్కునేది మా మేనల్లుడిలా లెవెల్ పెరిగిపోయాకనే. మొదటి మందు, డిఫికల్టీని కొద్దిగా తగ్గించడం. పాత ఆబ్లివియన్‌లో డిఫికల్టీని మార్చే పట్టీని చివరిదాకా కష్టంవైపు జరిపితే శత్రువు దెబ్బ ఆరింతలై, మీ దెబ్బ ఆరో వంతుకు పడిపోతుంది. అంటే పట్టీలో చిన్న కదలిక కూడా పోరును చాలా మార్చేస్తుంది. శత్రువు లెవెల్, అతని సరుకు మారవు కనుక మీరు పోగొట్టుకునేదేమీ లేదు. రెండవది, కంప్యూటర్‌లో ఆడేవారికి మోడ్లు, అంటే ఆటను మార్చడానికి అభిమానులు తయారుచేసే ఫైళ్ళు. ఆబ్లివియన్ స్కేలింగ్‌ను తీసేసి ప్రాంతాలకు స్థిరమైన బలాలు ఇచ్చే మోడ్లలో ఆస్క్యూరోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్ పేరెన్నిక గన్నది. అయితే సగం ఆడిన ఆటలో ఇటువంటి పెద్ద మోడ్ పెట్టవద్దు. సేవ్ ఫైళ్ళ నకలు వేరే చోట దాచి, కొత్త ఆట మొదలుపెట్టి అందులోనే పెట్టండి.

మా వాడి పాత ల్యాప్‌టాప్ మోడ్ల బరువు మోయలేదు, పైగా మళ్ళీ మొదటినుంచి ఆడడం అతనికి ఇష్టం లేదు. అందుకని ఉన్న సేవ్‌నే బాగుచేశాం. కత్తి నైపుణ్యం అతనికి ప్రధాన స్కిల్ కాకపోవడం మొదట శాపమైనా, ఇప్పుడు వరమైంది: దాన్ని ఎంత పెంచినా లెవెల్ కదలదు. మందులు అమ్మి కూడబెట్టిన బంగారం దండిగా ఉంది కనుక, ఒక్కో లెవెల్‌కు అయిదు పాఠాల చొప్పున డబ్బిచ్చి నేర్చుకునే వీలును కత్తికి వాడించాను. మిగతా మెట్లు మామూలు పోరులో ఎక్కించాడు. డాలు చేతికిచ్చాను, సుత్తులు కొనిపించాను, డిఫికల్టీ పట్టీని రవ్వంత ఎడమకు జరిపాను, కత్తికి మంత్రం ఎక్కించడం నేర్పాను, మందులు నూరడం ఆపించి ఉన్న విషాలను కత్తికి పూయించాను. మధ్యాహ్నం కరెంటు పోయే వేళలు తెలుసు కనుక ప్రతి గుహ ముందూ సేవ్ చేసుకోమన్నాను. పదిరోజుల తరువాత అరసవల్లినుంచి ఫోన్ చేసి, దొంగ ఏడు దెబ్బలకు పడుతున్నాడని చెప్పాడు. ఓర్పు ఇంకా 60 దగ్గరే ఉందట. మరమ్మతు, డాలు, బరువైన కవచం స్కిల్స్‌లో కలిపి పది మెట్లు ఎక్కి, ఓర్పుకు 5 ఖాయమయ్యేదాకా పందొమ్మిదో లెవెల్ కోసం నిద్రపోవద్దని చెప్పి పెట్టేశాను.